ఊపిరి ఉండగానే పాస్!

బావిలోకి తెల్లరాయి విసరడం... అది అడుగుకు చేరేలోగా దూకి, మునిగి, పట్టుకుని పైకి రావడం! పల్లెల్లో ఈత నేర్చినవాళ్లకి కొత్తగా చెప్పాల్సిన పందెం కాదిది. ఒకవైపు మంజీర, ఇంకోవైపు నిజాంసాగర్ కాలువలు ఉన్న బాన్సువాడలాంటి చోట్ల అయితే నీళ్లకీ పిల్లలకీ ఉన్న చుట్టరికం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతానికి వరిపొలాలతోపాటు ఈతనీ ఇచ్చింది.

ఇప్పుడు ఆ రాయి పందేన్నే కాస్త మార్చి ఊహించండి. రాయి బదులు కిలోకి పైగా బరువున్న గుండ్రటి బిళ్ల. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, చిన్న కర్రతోనే నెట్టాలి. పైకి తేకూడదు, అడుగునే నడిపించాలి. చుట్టూ ఆరుగురు ప్రత్యర్థులు దాన్ని లాక్కోవడానికి చూస్తుంటారు. ఈలోగా ఛాతీలో గాలి అయిపోతూ ఉంటుంది. ఏం చేస్తారు?

పక్కవాడికి ఇచ్చేస్తారు. ఇవ్వాలి కూడా!

అదే అండర్‌వాటర్ హాకీ. నీటి అడుగున ఆడే హాకీ. ఇందులో గోల్ కొట్టడంకన్నా, వేగంగా ఈదడంకన్నా ముందు నేర్పేది పాస్ ఇవ్వడం. ఎందుకంటే మైదానంలో పాస్ ఇవ్వనివాడు స్వార్థపరుడు అనిపించుకుంటాడు. నీటి అడుగున పాస్ ఇవ్వనివాడికి... ఊపిరే చాలదు!

చలికాలం పుట్టించిన ఆట

ఈ ఆట పుట్టింది ఇంగ్లండ్‌లో. పోర్ట్స్‌మత్ నగరంలోని సౌత్‌సీ ప్రాంతంలో సముద్ర గర్భంలోకి దిగే డైవర్ల క్లబ్ ఒకటి ఉండేది. ఎండాకాలమంతా సముద్రంలో డైవింగే డైవింగ్. చలికాలం వచ్చేసరికి నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉండి ఎవరూ దిగేవారు కాదు. సభ్యులు క్లబ్ వైపు రావడం మానేస్తారేమోనని ఆ క్లబ్‌ని స్థాపించిన అలన్ బ్లేక్ ఆలోచనలో పడ్డాడు. స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకునేలా, డైవర్ల ఈతా ఊపిరీ తుప్పు పట్టకుండా ఉండేలా 1954లో కొందరు మిత్రులతో కలసి ఒక ఆటను తయారుచేశాడు. మొదట్లో జట్టుకి ఎనిమిది మంది. కర్రని 'పుషర్' అనేవారు. ఎనిమిదికి గుర్తుగా ఆక్టో, నెట్టడానికి గుర్తుగా పుష్... రెండూ కలిపి 'ఆక్టోపుష్' అని పేరు పెట్టారు. ఎనిమిది చేతుల ఆక్టోపస్ కూడా ఆ పేరులో తొంగిచూస్తుంది. అడుగున నెట్టే బిళ్లకేమో 'స్క్విడ్' అని మరో సముద్రజీవి పేరు. బ్రిటన్‌లో ఆక్టోపుష్ అన్న మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. మిగతా ప్రపంచానికి మాత్రం అది అండర్‌వాటర్ హాకీ, ఆ బిళ్ల 'పక్'.

చలికాలం కాలక్షేపంగా మొదలైన ఆట దేశాలు దాటింది. 1980లో కెనడాలోని వాంకోవర్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. నెదర్లాండ్స్ గెలిచింది. ఇప్పుడు ప్రపంచస్థాయిలో ఈ ఆట బాధ్యత 1959లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య 'సీమాస్' చూస్తోంది. దాని మొదటి అధ్యక్షుడు ఎవరో కాదు, సముద్రగర్భాన్ని సినిమాలుగా తీసి లోకానికి చూపించిన జాక్ కూస్తో! ఆసియాలోనూ ఈ ఆట ఉంది. 2019లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో ఇదీ ఒక పోటీ అంశమే. ఒలింపిక్స్‌లో మాత్రం ఇంకా చోటు దొరకలేదు.

కొలనే మైదానం

మైదానం అంటే ఈతకొలను అడుగుభాగమే. పొడవు సుమారు 25 మీటర్లు, వెడల్పు 12 నుంచి 15 మీటర్లు, లోతు కనీసం రెండు మీటర్లు. రెండు చివర్లా గోడ పక్కన మూడు మీటర్ల పొడవున లోహపు తొట్టెలాంటిది పరుస్తారు. దాని ముందు చిన్న వాలు ఉంటుంది. పక్ ఆ వాలు ఎక్కి తొట్టెలో పడితే గోల్. గోల్‌కీపర్ అంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు.

జట్టుకి ఒకేసారి నీళ్లలో ఆరుగురు. ఒడ్డున నలుగురు సిద్ధంగా ఉంటారు. అలసినవాడు బయటికి రాగానే ఆట ఆగకుండానే ఇంకొకడు దిగుతాడు. పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో మూడు నిమిషాల విరామం. ఆట మొదలయ్యేటప్పుడు పక్‌ని కొలను మధ్యలో అడుగున పెడతారు. రెండు జట్లూ తమ తమ గోడలకి చెయ్యి ఆనించి నీళ్లలో ఉంటాయి. గంట మోగగానే పక్ కోసం పోటీ!

పక్ చూడటానికి చిన్నదే. అరచేతిలో ఇమిడిపోయేలా 8 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉంటుంది. లోపల సీసం, పైన ప్లాస్టిక్ పొర. అందుకే అంత చిన్న వస్తువు 1.3 కిలోల దాకా తూగుతుంది. తేలదు, కొట్టుకుపోదు, అడుగునే పడి ఉంటుంది. కర్ర ఇంకా చిన్నది... 35 సెంటీమీటర్లకి మించకూడదు. ఒక జట్టుది నలుపు, ఇంకో జట్టుది తెలుపు. ఒంటి చేత్తోనే పట్టుకోవాలి. ఆ చేతికి వేళ్లు చిట్లకుండా రబ్బరు పూసిన గ్లోవ్. కళ్లకి మాస్క్, నోట్లో స్నార్కెల్ గొట్టం, కాళ్లకి ఫిన్స్ అనే రెక్కలు, తలకి చెవులు కాపాడే టోపీ. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఉండదు. పైన తేలుతూ స్నార్కెల్‌తో గాలి పీల్చుకోవడం, మునగడం, ఆడటం, మళ్లీ తేలడం... అంతే.

కబడ్డీకి చుట్టం

చదువుతుంటే ఎక్కడో విన్నట్టుంది కదూ! అవును, మన చెడుగుడు కూడా ఊపిరి ఆటే. కూత పెట్టి అవతలి బరిలోకి వెళ్లినవాడు ఆ ఒక్క ఊపిరిలోనే తాకాలి, తిరిగి రావాలి. కూత ఆగిందా... ఔట్. మన మట్టిలో ఆడిన ఆ ఊపిరి ఆట 1990లో ఆసియా క్రీడల దాకా వెళ్లింది.

రెండింటికీ పెద్ద తేడా ఒకటుంది. కబడ్డీలో కూతకి వెళ్లినవాడు ఒంటరి. ఊపిరి అయిపోయేలోగా తనంతట తానే గీత దాటి రావాలి. అండర్‌వాటర్ హాకీలో అడుగున ఉన్నవాడు ఒంటరి కాదు. ఒకడి ఊపిరి అయిపోయేసరికి ఇంకొకడు కొత్త ఊపిరితో దిగి ఆటని అందుకోవచ్చు. ఆరుగురి ఊపిరితిత్తుల్ని ఒక్కటిగా వాడుకునే జట్టే గెలుస్తుంది. ఆ కలిపే దారం పేరే పాస్!

ఆటగాడు ఒకసారి మునిగితే అడుగున గట్టిగా ఆడేది మామూలుగా పది, పదిహేను సెకన్లు. కదలకుండా ఊపిరి బిగబడితే చాలామంది అంతకంటే ఎక్కువసేపే ఉండగలరు. కానీ రెక్కలతో తన్నుతూ, మలుపులు తిరుగుతూ, బరువైన పక్‌ని నెడుతూ ఉంటే కండరాలు ఆక్సిజన్‌ని గబగబా ఖర్చు చేసేస్తాయి. ఆ కొద్ది సెకన్లలో కిందికి చేరడానికి కొన్ని, పైకి రావడానికి కొన్ని పోగా పక్ దగ్గర మిగిలేది వేళ్లమీద లెక్కపెట్టేంత సమయం. కొత్తగా నేర్చేవాళ్లు చేసే మొదటి తప్పు అక్కడే. చిట్టచివరి క్షణం దాకా పక్‌ని తనే ఉంచుకుని, ఇక ఆగలేక ఎటో ఒకవైపు విసిరేసి పైకి లేస్తారు. అది పాస్ కాదు, పారేసుకోవడం.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఈ ఆటకి అచ్చంగా సరిపోతుంది. ఊపిరి ఉండగానే పక్ అప్పగించాలి. పాస్ ఇచ్చాక కూడా తోటివాడి కర్రకి అది తగిలిందో లేదో చూసేంత గాలి ఛాతీలో మిగలాలి.

నెట్టడంతో మొదలు

ఇక అసలు పాఠం. పాస్‌లు ఎన్ని రకాలున్నా అన్నిటికీ పునాది ఒక్కటే... పక్‌ని పట్టులో ఉంచుకోవడం. ఒళ్లు అడుగుకి దాదాపు సమాంతరంగా ఉండాలి. కర్ర పట్టిన చెయ్యి ముందుకి చాచి ఉండాలి. కర్ర అంచు అడుగుకి ఆనుతూ ఉండాలి. పక్ కర్ర పక్కన ఒదిగి ఉంటుంది. కర్ర పైన ఎక్కించుకుని మోసుకెళ్లడం తప్పు. కాళ్లు ముందుకి తోస్తుంటే చెయ్యి దారి చూపిస్తుంది. తల కొంచెం ఎత్తి ముందుకి చూడాలి. పక్‌నే చూస్తూ పోతే ఎదుటివాడి తలకి గుద్దుకోవడమే!

ఈ పట్టు కుదిరాక నేర్పేది పుష్ పాస్. పేరుకి తగ్గట్టే నెట్టడం. కర్రని పక్ వెనకకి తెచ్చి, మణికట్టునీ ముంజేతినీ కలిపి పాస్ వెళ్లాల్సిన దిక్కుకి సాగదీస్తూ తోస్తారు. కొట్టరు. నీళ్లలో చెయ్యి వెనక్కి తీసుకుని బలంగా కొట్టాలని చూస్తే నీరే చేతిని ఆపేస్తుంది. గాలికన్నా నీరు దాదాపు 800 రెట్లు చిక్కన మరి! అందుకే ఇక్కడ దెబ్బ కాదు, తోపు కావాలి. పక్ వదిలాక కూడా కర్ర కొన కాసేపు అదే దిక్కుని చూపిస్తూ ఉండాలి. పుష్ పాస్ అడుగున జారుతూ వెళుతుంది. ఎక్కువ దూరం పోదు. ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్న తోటివాడికి ఇవ్వడానికి ఇది చాలు. మధ్యలో ప్రత్యర్థి కర్ర అడ్డం పెడితే మాత్రం అక్కడే ఆగిపోతుంది.

ఎగిరే పాస్... ఫ్లిక్

ఆ అడ్డుకర్రని దాటించేదే ఫ్లిక్. చూసేవాళ్లు నోరెళ్లబెట్టేదీ, నేర్చేవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టేదీ దీంతోనే. పక్‌ని కర్ర కొన దగ్గర కాకుండా చేతికి దగ్గరగా తెచ్చుకుంటారు. చెయ్యి కొద్దిగా వెనక్కి లాగి, ముందుకి సాగిస్తూ, చివర్లో మణికట్టుని ఒక్కసారిగా తిప్పుతారు. పక్ కర్ర అంచు వెంబడి దొర్లుకుంటూ కొన దాకా వచ్చి, గిరగిరా తిరుగుతూ అడుగు నుంచి లేస్తుంది. నీళ్లలో చిన్న వంపు గీసి, అడ్డంగా ఉన్న కర్రల పైనుంచి దాటి మళ్లీ అడుగున పడుతుంది. ఆ తిరుగుడే దానికి నిలకడ. బొంగరం తిరుగుతున్నంతసేపూ పడిపోదు చూడండి, అలాగన్నమాట. బాగా సాధన చేసినవాళ్లు మూడు మీటర్లకి మించి కూడా పంపగలరు.

చాలామంది భుజబలం ఉంటే ఫ్లిక్ వస్తుందనుకుంటారు. రాదు. ఇక్కడ పని చేసేది మణికట్టు, ఆ మెలిక తిప్పే సమయం. ముందుగా తిప్పితే పక్ కర్ర మధ్యలోనే జారిపోతుంది. ఆలస్యమైతే లేవకుండా అడుగునే ఈడ్చుకుపోతుంది. చపాతీ పెనం మీద తిరగేసేటప్పుడు బలం ఎంత కావాలో, ఒడుపు ఎంత కావాలో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. ఇదీ అంతే!

ఇంకో సంగతి. కుడిచేతివాటం ఆటగాడికి ఫ్లిక్ సహజంగా ఎడమవైపుకి బలంగా వెళుతుంది. ఎడమచేతివాటం వాళ్లకి కుడివైపుకి. అందుకే ఎవరిది ఏ చేతివాటమో తోటివాళ్లకి తెలిసి ఉండాలి. ఏ వైపు నిలబడితే పాస్ తేలిగ్గా అందుతుందో దాన్నిబట్టే తేలుతుంది. ఎడమచేతివాటం ఆటగాడు ఒకరున్నా జట్టుకి రెండో వైపు తలుపు తెరిచినట్టే.

వెనక్కి... పక్కకి... వదిలేసి!

బలమైన వైపు ప్రత్యర్థి కాచుకుని ఉంటే? అప్పుడు బ్యాక్‌హ్యాండ్. కర్ర వెనక అంచుతో పక్‌ని రెండోవైపుకి తోయడం. కుడిచేతివాటం వాళ్లయితే కుడివైపుకి. దూరం తక్కువే పోతుంది. కానీ ఎవరూ ఊహించరు కాబట్టి విలువ ఎక్కువ.

ఎదురుగా ఇద్దరు ముగ్గురు కమ్ముకొస్తే ముందుకి తోసుకుపోవడం తెలివితక్కువతనం. అప్పుడు 'కర్ల్' చేస్తారు. అంటే పక్‌ని కర్రతో దగ్గరికి లాక్కుంటూ గుండ్రంగా తిరిగి, తన ఒంటిని ప్రత్యర్థికీ పక్‌కీ మధ్య గోడలా పెట్టడం. కోడి రెక్కల కింద పిల్లల్ని దాచుకున్నట్టు! అలా తిరుగుతూ తిరుగుతూ వెనక దిగిన తోటివాడికి పక్ అందిస్తారు. ఒంటితో కాపాడుకునే ఈ హక్కు పక్ ఎవరి దగ్గరుంటే వాళ్లకే. పక్ లేనివాడు ఎదుటివాడికి అడ్డం వెళితే ఫౌల్. చేత్తో పట్టుకుని లాగినా, తోసినా ఫౌలే. ఫౌల్ చేసిన జట్టుని మూడు మీటర్లు వెనక్కి పంపి ఎదుటి జట్టుకి పక్ ఇస్తారు.

అన్నిటికన్నా సులువుగా కనిపించే పాస్ ఇంకొకటుంది... వదిలేయడం. పక్‌ని ముందుకి నడిపిస్తూ ఉన్నవాడు ఊపిరి అయిపోవస్తోందనగా దాన్ని అక్కడే అడుగున వదిలి పైకి లేస్తాడు. అదే క్షణానికి అతని భుజం వెనక నుంచి తోటివాడు వాలి అందుకుంటాడు. పక్ కదలదు, ఆటగాళ్లే మారతారు. రిలే పరుగులో కర్ర చేతులు మారినట్టు! చూడటానికి ఇంత తేలికైన పాస్ మరోటి లేదు. చేయడానికి మాత్రం దీనికే ఎక్కువ నమ్మకం కావాలి. వెనక ఎవరో ఒకరు ఉన్నారన్న నమ్మకం లేనివాడు పక్‌ని వదలడు. వదిలినప్పుడు నిజంగా ఎవరూ లేకపోతే అది ప్రత్యర్థి సొత్తు.

అందుకోవడమూ కళే

పాస్ అంటే ఇవ్వడం ఒక్కటే కాదు. అందుకునేవాడు పైన తేలుతూ ఉండగా పాస్ ఇస్తే లాభం లేదు. పక్ వచ్చేసరికి అతను అడుగున ఉండాలి, కర్ర కింద ఆని ఉండాలి. దూసుకొస్తున్న పక్‌కి కర్రని బిర్రుగా అడ్డం పెడితే అది తగిలి ఎగిరిపోతుంది. తగిలే క్షణంలో చేతిని కొద్దిగా వెనక్కి ఇవ్వాలి. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతుల్ని వెనక్కి తీసుకున్నట్టే.

అందుకే మంచి జట్టులో ఆరుగురూ ఒకేసారి మునగరు. ఒకరు అడుగున పక్‌తో ఉంటే, ఒకరు కిందికి దిగుతూ ఉంటారు, ఇంకొకరు పైన గాలి పీల్చుకుంటూ కింద జరిగేది చూస్తూ ఉంటారు. బావి మోట తిరిగినట్టు ఒకటి పైకి, ఒకటి కిందికి. అందరూ ఒకేసారి దిగితే అందరి ఊపిరీ ఒకేసారి అయిపోతుంది. అప్పుడు పక్ దగ్గర మిగిలేది ప్రత్యర్థి ఒక్కడే! ముందు ముగ్గురు, వెనక ముగ్గురు ఆడటం ఒక పద్ధతి. ఇద్దరు, ముగ్గురు, ఒకరు చొప్పున మూడు వరసల్లో ఆడటం ఇంకో పద్ధతి. ఏ పద్ధతైనా లెక్క ఒక్కటే... పక్‌కి దగ్గర్లో ఎప్పుడూ తాజా ఊపిరి ఒకటి ఉండాలి.

పిలుపు వినపడని లోకం

గడ్డి మైదానంలో హాకీ ఆడేవాళ్లు అరుస్తారు. మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ లాంటివారు బంతితో దూసుకుపోతుంటే పక్కనున్నవాళ్లు పేరుపెట్టి పిలిచి పాస్ అడగొచ్చు. నీళ్లలో ఆ వీలు లేదు. నోట్లో స్నార్కెల్. ఏదో విధంగా శబ్దం చేసినా అది ఎటునుంచి వచ్చిందో తెలియదు. ధ్వని గాలిలోకన్నా నీళ్లలో నాలుగు రెట్లకి పైగా వేగంగా పోతుంది. రెండు చెవులకీ దాదాపు ఒకేసారి చేరడంతో దిక్కు పోల్చుకోవడం మెదడుకి కష్టమవుతుంది.

కళ్లు కూడా మోసం చేస్తాయి. మాస్క్‌లోంచి చూస్తే నీళ్లలోని వస్తువులు అసలు దూరంలో ముప్పాతిక వంతు దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తాయి. నాలుగు మీటర్ల దూరంలోని తోటివాడు మూడు మీటర్లలోనే ఉన్నట్టు! అందుకే కొత్తవాళ్ల పాస్‌లు తరచూ చేరాల్సిన చోటికి చేరకుండా ముందే ఆగిపోతాయి. కొన్ని వారాలు ఆడాక మెదడు ఈ లెక్క సరిచేసుకుంటుంది.

మరి తోటివాడెక్కడున్నాడో తెలిసేదెలా? చూపుతో కొంత, అలవాటుతో కొంత. 'నేను ఎడమ గోడవైపు ఇరుక్కుంటే నువ్వు నా వెనక కుడివైపు ఉంటావు' అన్న ఒప్పందం ఒడ్డునే జరగాలి. వందసార్లు సాధన చేయాలి. ఆ తర్వాత చూడకుండానే పాస్ ఇవ్వొచ్చు. నీళ్లలో మాటలుండవు కాబట్టి మాట ముందే ఇచ్చిపుచ్చుకోవాలన్నమాట.

నేర్చుకునేదెలా?

మొదటిరోజే లోతులోకి దిగరు. మోకాటి లోతు, నడుం లోతు నీళ్లలో స్నార్కెల్‌తో తేలుతూ, తల నీళ్లలో ఉంచి, కర్రతో అడుగున పక్‌ని అటూ ఇటూ నెట్టడం అలవాటు చేసుకుంటారు. ఊపిరి బెంగ లేకపోతే చెయ్యి తొందరగా నేర్చుకుంటుంది. తర్వాత ఇద్దరిద్దరుగా రెండు మీటర్ల దూరంలో పుష్ పాస్‌లు. ఆ తర్వాత ముగ్గురు త్రికోణంగా. పక్‌ని ఆగనివ్వకుండా ఎన్ని పాస్‌లు ఇవ్వగలమో లెక్కపెట్టుకోవడం. చివరికి రెండు మీటర్ల లోతులో, ఒకరు లేస్తుంటే ఒకరు దిగుతూ, పక్ ఒక్క క్షణం కూడా ఒంటరిగా మిగలకుండా చూసుకోవడం. ఈ చివరి సాధన కుదిరిందంటే జట్టు తయారైనట్టే.

ఆడా మగా తేడా లేకుండా కలిసి సాధన చేసే క్లబ్‌లు విదేశాల్లో చాలా ఉన్నాయి. ఒళ్లు తగిలించి ఆడే ఆట కాదు కాబట్టి భారీ శరీరం అక్కర్లేదు. నీళ్లలో బరువు తెలియదు కాబట్టి మోకాళ్లమీద భారం ఉండదు. బక్కపలచని పిల్లవాడు సైతం మంచి మణికట్టూ, ఊపిరి లెక్కా ఉంటే పహిల్వాన్ లాంటి వాడిని బోల్తా కొట్టించగలడు.

కాలువలో కాదు... కొలనులోనే!

ఇంతదాకా చదివి ఈ ఆదివారమే ఏ బావిలోనో కాలువలోనో మొదలుపెడదామనుకుంటే మాత్రం ఆగాల్సిందే. ఈ ఆటకి గచ్చు అడుగు, తేటనీరు, కదలని నీరు తప్పనిసరి. కాలువలో ప్రవాహం ఉంటుంది, తూముల దగ్గర లాగేసే సుడి ఉంటుంది, బురదనీళ్లలో చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. బావిలో అడుగున ఏముందో తెలియదు. పైనుంచి చూసేవాడికి మునిగినవాడు ఆడుతున్నాడో, ఆపదలో ఉన్నాడో అర్థం కాదు. ఈత వచ్చినవాళ్లు సైతం ఏటా వేసవి సెలవుల్లో ఇలాంటి చోట్లే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

కొలనులోనూ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఎక్కువసేపు మునగాలన్న ఆశతో కొందరు ముందుగా గబగబా, బలంగా ఊపిరి తీసి వదులుతారు. అలా చేస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. 'ఇక చాలు, గాలి పీల్చు' అని ఒంటికి హెచ్చరిక ఇచ్చేది అదే. హెచ్చరిక గంటని మనమే కట్టేసినట్టు! ఆక్సిజన్ అయిపోతున్నా ఉక్కిరిబిక్కిరి అనిపించదు. ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. అందుకే మామూలుగా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసుకుని మునగాలి. ఒంటరిగా ఎప్పుడూ సాధన చేయకూడదు. ఒకరు మునిగితే ఒకరు చూస్తుండాలి. ఎవరు ఎక్కువసేపు ఉంటారో చూద్దాం అన్న పందెం అసలే వద్దు.

పోటీల్లోనూ జాగ్రత్త తక్కువేం కాదు. నీళ్లలో మాస్క్‌లతో రిఫరీలు ఉంటారు, ఒడ్డున ప్రధాన రిఫరీ ఉంటాడు. నీటి కిందివాళ్లు సైగ చేయగానే పైవాడు గంట మోగిస్తాడు. ఆట ఆగిపోతుంది.

బావి పందేనికీ ఈ ఆటకీ అసలు తేడా అక్కడే తెలుస్తుంది. రాయి పందెంలో ఎవరు ఎక్కువసేపు ఓర్చుకుంటే వాడు మొనగాడు. ఓర్పు హద్దు దాటిస్తే మెచ్చుకుంటారు, ఆ మెప్పు కోసమే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. అండర్‌వాటర్ హాకీలో అలా హద్దు దాటినవాడు జట్టుకి భారం. సమయానికి వదిలి పైకి వచ్చినవాడే మంచి ఆటగాడు. ఊపిరి అయిపోవస్తోందని ఒప్పుకోవడం ఇక్కడ ఓటమి కాదు, నైపుణ్యం.

మన దగ్గర కుదురుతుందా?

కావాల్సినవి చాలా తక్కువ. కనీసం రెండు మీటర్ల లోతున్న కొలను, కర్రలు, ఒక పక్, మాస్కులు, రెక్కలు, నేర్పేవాళ్లు. అన్నిటికన్నా కష్టమైంది మొదటిదే. 2002లో జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ గచ్చిబౌలిలో ఈతకొలనుల సముదాయం కట్టారు. రాజధానికి అది దక్కింది. చిన్న పట్టణాలకి వచ్చేసరికి లోతైన, కాపలా ఉన్న కొలను దొరకడమే కష్టం. 2016లో నిజామాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో బాన్సువాడలాంటి ఊళ్లకి నీళ్లు కొత్త కాదు, ఈతా కొత్త కాదు. భద్రంగా ఈదడానికి గచ్చు కొలనే కొత్త. ఒక్క కొలను ఉంటే కాలువ గట్టున నిలబడి భయపడే తల్లిదండ్రులకి నిశ్చింత. బడి పిల్లలకి పద్ధతిగా ఈత. ఆ పైన ఎవరైనా ఒక సీసం బిళ్లా, డజను కర్రలూ తెస్తే... ఆట దానంతట అదే మొదలవుతుంది.

అప్పుడు ఆ పిల్లలు నేర్చుకునే తొలి పాఠం గోల్ కొట్టడం కాదు. ఊపిరి ఇంకా ఉండగానే, పక్కవాడు వచ్చాడని నమ్మి, పక్ వదిలి పైకి రావడం.